రెండు చిప్పల ఓటు

గువ్వలంక రాష్ట్రంలో ఎన్నికలు జరిగిన ప్రతిసారీ, ఫలితం చదివిన అరగంటలో లంక మొత్తం గెలిచిన పక్షం వైపుకి ఒరుగుతుంది. వంద ఓట్ల ఆధిక్యానికి జానెడు ఒరుగు, రెండు వందలకు రెండు జానలు. ఇలా ఎందుకు జరుగుతుందో తేల్చమని ఒకసారి అవతలి ఒడ్డు నుంచి ఇంజనీర్లను రప్పించారు. వాళ్ళు మూడు రోజులుండి, పులసల కాలం కాకపోవడంతో రొయ్యల వేపుడుతో సరిపెట్టుకుని, ఒరుగు లెక్క ప్రకారమే ఉందని, ఆందోళన పడవలసింది ఏమీ లేదని రాసిచ్చి పడవెక్కారు.

గోదావరి సముద్రంలో కలిసే చోట, ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర పలికేంత లంక అది. రెండు వేల నాలుగు వందల పదమూడు మంది ఓటర్లు, ఒక ముఖ్యమంత్రి, తొమ్మిది మంది మంత్రులు, ఒక సచివాలయం, తూర్పు పక్షం, పడమటి పక్షం. గెలిచిన పక్షం వైపు ఒడ్డు కిందికి దిగుతుంది కాబట్టి అక్కడి ఇళ్ళలోకి మోకాలిలోతు నీళ్ళొస్తాయి. ఓడిన పక్షం వైపు ఒడ్డు పైకి లేస్తుంది కాబట్టి అక్కడ నూతులు అడుగంటుతాయి. గెలిచినవాళ్ళు తడిసిన పంచె అంచును దులుపుకుంటూ వీధిలో నడుస్తారు. ఆ తడి అధికారానికి గుర్తు. ఓడినవాళ్ళు నూతి చేదలకు తాళ్ళు అతుకుతూ, వచ్చే ఎన్నికల్లో తాము కూడా తడవాలని కోరుకుంటారు.

నీళ్ళలో వంట చెయ్యలేక గెలిచిన వైపు ఆడవాళ్ళు మెల్లగా మంచాలూ గిన్నెలూ ఎత్తైన వైపున ఉన్న చుట్టాలిళ్ళకి చేరవేస్తారు. ఎవరి మంచం ఏ వైపు ఉంటే వాళ్ళ ఓటు ఆ వైపే అన్నది లంక నియమం. అందువల్ల అయిదేళ్ళు తిరిగేసరికి ఓడిన వైపు జనం పెరిగి, ఆ వైపు గెలిచి, ఆ వైపు మునుగుతుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో ప్రజాచైతన్యం అని రాశారు.

ఒరుగుతో వచ్చే ఇబ్బందులకు ప్రభుత్వం ఎత్తుచెక్కలు ఇస్తుంది. మంచానికి రెండు, పొయ్యికి ఒకటి, రుబ్బురోలుకు ఒకటి, ముసలివాళ్ళుంటే పడకకుర్చీకి అదనంగా ఒకటి. పల్లం వైపు కాళ్ళకింద పెట్టుకుంటే వస్తువు నిలబడుతుంది. రేషన్ కార్డు వెనకపేజీలో ఏ ఇంట్లో ఎన్ని కాళ్ళున్నదీ రాసి ఉంటుంది. ఎన్నికలొచ్చాయంటే ఒక పక్షం మంచానికి మూడు చెక్కలు అంటే, రెండో పక్షం మూడూ టేకువే అంటుంది. లంకను సమంగా నిలబెడతామని ఇంతవరకు ఎవరూ అనలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా.

మంగతాయారుకు మాత్రం తోచింది. అదీ మామిడి తాండ్ర వల్ల.

మంగతాయారు ఇల్లు లంకకు సరిగ్గా నడిమధ్యన ఉంది. ఏ పక్షం గెలిచినా ఆ ఇల్లు మునగదు, లేవదు, ఒరుగుతుంది అంతే. వాకిలి పెద్దది కావడంతో వేసవిలో ఆవిడ తాండ్ర పోస్తుంది. కలెక్టరు మామిడిపళ్ళ రసం తీసి, పంచదార కలిపి, తాటాకు చాపల మీద పోసి, ఎండబెట్టి, దాని మీద మళ్ళీ పోసి, అలా పది పన్నెండు పూతలు. గువ్వలంక వాకిళ్ళలో పోసిన రసం ఎక్కడ పోసిందక్కడ ఉండదు. పల్లానికి జారుతుంది. చాపకింద ఎన్ని చెక్కలు పెట్టినా పెద్ద చాప ఎక్కడో ఒకచోట లొంగుతుంది. అందువల్ల తాండ్ర ఒక అంచున చెప్పు అట్టంత మందంగా, రెండో అంచున ఉల్లిపొరంత పలచగా వస్తుంది.

దానికి తగ్గ మర్యాద లంకలో ఎప్పుడో ఏర్పడిపోయింది. మందపు అంచు అధికారులకూ అతిథులకూ, ఆ తర్వాతది ఇంటి మగవాళ్ళకు, నడిమి ముక్క అత్తగారికి, ఉల్లిపొర అంచు కోడలికి. దొడ్డిదారిన వచ్చే ఇరుగుపొరుగుకు ఏ ముక్క అనేది ఆ ఏడాది మాటామంతీని బట్టి ఉంటుంది. మంగతాయారు ఈ ఇంటికొచ్చి ఇరవై ఏడేళ్ళు. ఇరవై ఆరేళ్ళు ఉల్లిపొరే తిన్నది. నిరుడు అత్తగారు పోయాక నడిమి ముక్క ఆవిడ వంతుకొచ్చింది. దాన్ని నోట్లో పెట్టుకున్నప్పుడు, ఇంతకాలం తాండ్ర అనుకుని తిన్నది ఏమిటా అని ఒక్క క్షణం నమలడం ఆపేసింది.

అదే వేసవిలో కొడుకు నూకరాజుకు పెళ్ళయింది. నూకరాజు రేవులో జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు నడుపుతాడు, పడుకోవడమూ పంటు మీదే. కోడలు భ్రమరది అవతలి ఒడ్డు. అక్కడ నేల సమంగా ఉంటుందని చెప్పుకుంటారు. వచ్చిన కొత్తలో భ్రమర గోడ పట్టుకుని నడిచేది. చారు పళ్ళెంలో ఒక పక్కకే చేరడం చూసి బిత్తరపోయేది.

"ఇది ఎప్పుడూ ఇంతేనాండీ అత్తయ్యా?" అని అడిగింది ఒకరోజు.

"ఎప్పుడూ ఇంతేనేంటమ్మా, అయిదేళ్ళకోసారి అటు మారుద్ది గదా," అంది మంగతాయారు.

తాండ్ర కోసిన రోజున మర్యాద ప్రకారం కోడలికి ఉల్లిపొర ముక్క ఇచ్చింది. భ్రమర దాన్ని వెంటనే తినలేదు. రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ ముక్కలోంచి కోడలికి అత్తగారి మొహం కనబడింది. అత్తగారికి కోడలి మొహం కనబడింది, పసుపుపచ్చగా. ఆ రోజు నుంచి మంగతాయారుకు ఒకటే కోరిక పట్టుకుంది. ఒక్కసారి, ఒక్క చాప తాండ్ర, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మందంలో పొయ్యాలి. ఇంట్లో అందరికీ ఒకటే ముక్క కోసిపెట్టాలి. ఆ పిల్లకి కూడా.

భర్త గంగరాజుతో అంటే ఆయన నవ్వాడు. ఆయన ఒరుగు శాఖలో సీనియర్ గుమాస్తా. రోజూ పదింటికి ఒక ఇత్తడి పళ్ళెం మధ్యన గాజుగోళీ పెట్టి, అది దొర్లి కిందపడడానికి ఎన్ని క్షణాలు పట్టిందో పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాడు. ఆ అంకెను బట్టే ఎత్తుచెక్కల మందం నిర్ణయమవుతుంది.

"సమంగా ఉంటే గోళీ ఎలా దొర్లుద్దే పిచ్చిమొహవా?" అన్నాడు. "గోళీ దొర్లకపోతే నేనేం రాయను? నేనేం రాయకపోతే మనమేం తింటాం?"

"తాండ్ర," అంది మంగతాయారు.

ఈసారి ఎన్నికలకు పది రోజుల ముందు ఎన్నికల అధికారి సన్యాసిరావుగారు ఇంటింటికీ తిరిగి మంచాలు లెక్కపెట్టారు. గువ్వలంకలో ఫలితం ఎప్పుడూ ముందే తెలుస్తుంది. పోలింగు మర్యాద కోసం పెడతారు. అయిదేళ్ళుగా పడమర మునిగి ఉంది, జనం తూర్పుకు చేరుతున్నారు, తూర్పు గెలవాలి. కానీ ఈసారి పడమట ఒక వీధి వీధంతా పంతానికి పోయి, మంచాల మీద మంచాలు వేసుకుని నీళ్ళలోనే ఉండిపోయింది. సన్యాసిరావుగారు మూడుసార్లు కూడారు. తూర్పున పన్నెండు వందల ఆరు మంచాలు. పడమర పన్నెండు వందల ఆరు.

మిగిలింది మంగతాయారు. ఒరుగు శాఖవాళ్ళు తటస్థులు కాబట్టి గంగరాజుకు ఓటు లేదు. నూకరాజు నీటి మీద పడుకుంటాడు కాబట్టి ఏ ఒడ్డుకీ చెందడు. భ్రమర పేరు ఇంకా అవతలి ఒడ్డు జాబితాలోనే ఉంది. సన్యాసిరావుగారు టేపు తీసి మంగతాయారు మంచం కొలిచారు. లంక నడిమి గీత సరిగ్గా దిండుకీ పాదాలకీ మధ్యన పోతోంది. తల తూర్పున, కాళ్ళు పడమట.

"ఇదివరకు ఎలా చేసేవారమ్మా?" అని అడిగారాయన.

"మా అత్తగారు ఏ వైపంటే ఆ వైపండి."

"ఇప్పుడావిడ..."

"ఏ వైపుకీ లేరండి."

సన్యాసిరావుగారు మంచం కిందికి వంగి, చెక్కలు సక్రమంగా ఉన్నాయో లేదో కూడా చూసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి మంగతాయారు వాకిలి తిరనాళ్ళయింది.

తూర్పు పక్షం నాయకుడు కొండలరాయుడుగారు ముందొచ్చారు. పొడిపంచె, అయిదేళ్ళుగా తడవని పంచె. కుర్చీలో కూర్చోగానే పడమటికి జారి, అలవాటు చొప్పున ఎడమకాలు అడ్డం పెట్టి నిలదొక్కుకున్నారు.

"చెల్లెమ్మా, నీ వాకిలి మొత్తానికి సరిపడా చెక్కలు. చాపకి పాతికేసి. నా మాటగా రాసుకో."

"చెక్కలెందుకండి అన్నయ్యగారూ, వాకిలే సమంగా ఉంటే సరిపోద్ది గదా?"

కొండలరాయుడుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "సమంగానా? ఎవరితో సమంగా?"

"ఎవరితోనూ కాదండి. నేల. ఇటూ అటూ ఒకటే ఎత్తు."

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆయన వెంట వచ్చినవాళ్ళు కూడా తలలు వంచుకుని ఆలోచించారు. "అట్టా కుదురుద్దంటావా?" అని చివరకు అడిగారాయన, తప్పు మాట చెవినబడ్డట్టు గొంతు తగ్గించి. "అట్టయితే గెలిచిందెవరో ఎలా తెలుస్తాదమ్మా?"

తర్వాత పడమటి పక్షం నాయకుడు, ప్రస్తుత ముఖ్యమంత్రి భూషణంగారు వచ్చారు. పంచె అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంటి నుంచి వచ్చేసరికి ఆరిపోతే బాగుండదని వెంట ఒకడు చెంబు పట్టుకుని తడుపుతున్నాడు. మంగతాయారు ఆయన్నీ అదే అడిగింది.

"చూడమ్మా తాయారూ," అన్నారు భూషణంగారు దయగా, "సమం అనేది ఒక ఆశయం. ఆశయాన్ని వాకిట్లో పెట్టుకుంటే అరిగిపోద్ది. మీకు రుబ్బురోలుకి రెండో చెక్క ఇప్పించే పూచీ నాది."

వాళ్ళు వెళ్ళాక దొడ్డిగుమ్మంలోంచి వీరవేణి వచ్చింది. పక్కింటావిడ, ఏ కబురైనా మొదట ఆమెకే తెలియాలి. "ఏం తేల్చావు వదినా? ముఖ్యమంత్రిని నిలబెట్టి మాట్టాడావంట, లంకంతా అదే చెప్పుకుంటన్నారు. నువ్వేమో అటో ఇటో వేసెయ్యి తల్లీ. నా మనవడి ఉయ్యాల నేనూపక్కర్లేకుండా ఈ ఒరుక్కే ఊగుద్ది. అది ఆగిపోతే వాణ్ణి పట్టేది నువ్వా?"

గంగరాజు మాత్రం అన్నం తింటూ, చారు పళ్ళెంలో పడమటికి చేరడాన్ని చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాక, "నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది తాయారూ," అన్నాడు.

మంగతాయారుకు బాధేసింది. కానీ పల్లానికి జారే గిన్నెలు సర్దుతున్న భ్రమరను చూస్తే ఇంకో రకం బాధేసింది.

గువ్వలంకలో ఓటు అంటే కొబ్బరికాయ. ప్రతి ఓటరూ పీచు తీసిన కాయ మీద సున్నంతో తన పేరు రాసుకుని బడి ఆవరణకు తెస్తాడు. అక్కడ తూర్పున ఒక గొయ్యి, పడమట ఒక గొయ్యి. కాయను ఏ గోతిలో వేస్తే ఓటు ఆ పక్షానికి. గోతులు ఎందుకంటే, కుప్పలు పోస్తే ఒరుక్కి కాయలన్నీ పడమటికే దొర్లిపోయేవి, ఆ పద్ధతిలో పడమటి పక్షం వరసగా పాతికేళ్ళు ఏలింది. ఎన్నిక ముగిశాక గెలిచిన గోతి కాయలు ప్రమాణస్వీకారం విందులో పచ్చడికి, ఓడిన గోతి కాయలు నూనెకు పోతాయి.

పోలింగు రోజు మధ్యాహ్నానికి అందరూ వేసేశారు. మంగతాయారు తలస్నానం చేసి, పేరు రాసిన కాయ పట్టుకుని వచ్చింది. లంక జనమంతా ఆవరణ చుట్టూ నిలబడ్డారు. ఆవిడ రెండు గోతుల మధ్యన ఆగింది. అక్కడొక రాయి ఉంది, బడిపిల్లలు గంట కొట్టే రాయి. దాని మీద ఠపీమని కాయ కొట్టింది. కాయ సరిగ్గా సగానికి పగిలింది. ఒక చిప్ప తూర్పు గోతిలో వేసింది. ఒక చిప్ప పడమటి గోతిలో వేసింది. చేతికంటిన నీళ్ళు కళ్ళకద్దుకుని ఇంటికి బయల్దేరింది.

రెండు పక్షాలవాళ్ళూ ఒక్కసారి అరిచారు. సన్యాసిరావుగారు నిబంధనల పుస్తకం తీశారు. కుళ్ళిన కాయ చెల్లదని ఉంది. మొలకెత్తిన కాయ చెల్లదని ఉంది. బొండాం చెల్లదని ఉంది. పగిలిన కాయ గురించి లేదు. చెల్లదని రాద్దామని కలం తీస్తుంటే బడి పంతులుగారు చెవిలో, "కొట్టిన కొబ్బరికాయని చెల్లదంటే అరిష్టం కదండీ, పైగా పువ్వు కూడా వచ్చింది," అన్నారు. సన్యాసిరావుగారు లేచి వెళ్ళి చూశారు. నిజమే, పడమటి చిప్పలో తెల్లటి పువ్వుంది. ఆయన కలం మూసేసి, రెండు చెంపలూ వేసుకుని, ఫలితం చదివారు. తూర్పు పన్నెండు వందల ఆరున్నర. పడమర పన్నెండు వందల ఆరున్నర.

అరగంటకి లంక పాతమంచంలా కిర్రుమంది. పడమటి ఒడ్డు నీళ్ళలోంచి లేచింది, తూర్పు ఒడ్డు దిగింది, రెండూ ఒక ఎత్తుకొచ్చి ఆగిపోయాయి.

మొదటిరోజు నూట నలభై మంది పడ్డారు. పుట్టినప్పటి నుంచి పల్లానికి అడ్డంగా కాలు బిగించి నడిచినవాళ్ళు, బిగించిన కాలికి పల్లం దొరక్క ఎదటి గోడకు వెళ్ళి కొట్టుకున్నారు. వీరవేణి మనవడి ఉయ్యాల ఆగిపోయింది, పిల్లవాడు లంకంతా వినబడేలా ఏడ్చాడు. తలుపులు వాటంతటవి మూసుకోవడం మానేశాయి. ఇళ్ళలో మాటలు వీధిలోకి వినబడసాగాయి. అందరి మంచాలకిందా చెక్కలున్నాయి కాబట్టి, సమంగా ఉన్న నేల మీద మంచాలన్నీ ఒరిగాయి. చెక్కలు తీసేద్దామంటే అవి ప్రభుత్వ ఆస్తి, తియ్యాలంటే ఒరుగు శాఖ అనుమతి కావాలి, ఆ రోజు అంకె పుస్తకంలో ఎక్కితేగాని శాఖ అనుమతి ఇవ్వకూడదు.

అంకె ఎక్కడం లేదు. గంగరాజు పదింటికి పళ్ళెం మధ్యన గోళీ పెట్టాడు. అది కదల్లేదు. గోళీ కిందపడేదాకా కళ్ళు తిప్పరాదని నిబంధన. ఆయన అయిదింటి దాకా చూశాడు. మర్నాడూ చూశాడు. మూడోరోజు భ్రమర క్యారేజీలో అన్నం పట్టుకెళితే, కళ్ళు గోళీ మీదే ఉంచి చేత్తో తడుముకుని తిన్నాడు.

"పడిందాండీ మావయ్యా?"

"లేదమ్మా. కానీ పొద్దున్న ఒకసారి అనుమానమేసింది."

సచివాలయంలో పరిస్థితి ఇంకా తీవ్రంగా ఉంది. గువ్వలంకలో దరఖాస్తును ఎవరూ చేత్తో ముట్టుకోరు. బల్లలన్నీ ఒక వరసలో, మెట్టు మీద మెట్టుగా ఉంటాయి. ఎగువ బల్ల మీద పెట్టిన కాగితం ఒరుగును బట్టి తనంతట తాను జారుతూ, సంతకం సంతకం దాటుకుంటూ, రెండు మూడేళ్ళకు గెలిచిన పక్షంవారి బల్ల మీదికి చేరుతుంది. ఇప్పుడు కాగితాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వితంతు పింఛను కోసం పెట్టుకున్న ఒక ముసలామె, తన కాగితాన్ని ఒక వేలితో పక్క బల్ల మీదికి తోసింది. ప్రభుత్వ వ్యవహారాల్లో జోక్యం కింద ఆమె మీద కేసు పెట్టారు. ఆ కేసు కాగితమూ అక్కడే ఆగిపోయింది.

ఇన్నిటి మధ్య మంగతాయారు తాండ్ర పోసింది.

మొదటి పూత పోసి చాప ముందు గొంతుక్కూర్చుంది. రసం ఎక్కడికీ పోలేదు. పోసినచోట పోసినట్టు, అద్దంలా నిలబడింది. అందులో కొబ్బరిమట్ట నీడ తిన్నగా పడింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రోజుకు రెండు పూతలు, ఆరు రోజులు. తుమ్మెదల్ని తోలుతూ, ఎండ తగ్గకముందే మళ్ళీ పోస్తూ, పిల్లల్ని పెంచినట్టు పెంచింది. ఏడోరోజు కత్తిపీట ముందేసుకుని కోసింది. అడ్డంగా కోసింది, నిలువుగా కోసింది. ఏ ముక్క తీసి ఏ ముక్క మీద పెట్టినా అంచుకు అంచు అతికింది.

ఆ రోజే సన్యాసిరావుగారు మళ్ళీ పోలింగు నోటీసు పట్టుకుని వచ్చారు. ఈసారి పగిలిన కాయ చెల్లదని సవరణ కూడా చేశారు. ఆయన్ని కూర్చోబెట్టి పళ్ళెంలో తాండ్ర పెట్టింది. ఆయన ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఇది... అధికారుల వైపుదేనామ్మా?"

"అన్నీ ఒకటేనండి."

"అంటే గుమాస్తాకీ ఇదేనా?" అన్నారాయన గంగరాజు పళ్ళెంకేసి చూసి. తర్వాత చాలా మర్యాదగా, మధుమేహం ఉందని చెప్పి పళ్ళెం పక్కకు జరిపారు. గంగరాజు అధికారి తిననిది తాను తినడం బాగుండదని తన పళ్ళెమూ జరిపాడు.

వీరవేణి దొడ్డిగుమ్మంలో నిలబడి తన ముక్క చూసుకుంది. "ఆయనగారికీ ఇదే, నాకూ ఇదేనా? అయితే ఈ ఏడాది నేను నీకు కావలిసినదాన్నో కానిదాన్నో ఎలా తెలుసుకోను వదినా? నిరుడు కాస్త మందంగా ఇచ్చావు, నాలుగిళ్ళలో చూపించుకున్నాను. ఇది ఎవరికి చూపించను?"

మంగతాయారు ఎదురుచూస్తున్నది వీళ్ళ కోసం కాదు. లోపలికి వెళ్ళి భ్రమరకు ఒక ముక్క ఇచ్చింది. భ్రమర ఇప్పుడు గోడ పట్టుకోవడం లేదు. ఏడాదిలో ఒరుగు అలవాటై, ఈ సమానంలోనే కాస్త తూలుతోంది. ముక్కను రెండు చేతులా తీసుకుని, నిరుటిలాగే వెలుతురుకు ఎత్తింది. దానిలోంచి ఏమీ కనబడలేదు. కిందికి దించి, అత్తగారి చేతిలో ముక్క చూసింది, తన చేతిలో ముక్క చూసింది.

"తినమ్మా, నీకోసమే," అంది మంగతాయారు.

భ్రమర తినలేదు. వేలితో అంచు రాసి చూసింది.

"అత్తయ్యా, ఒకటడగనా? ఇప్పుడు అందరికీ ఇదే అయితే... మరి నాకు నడిమి ముక్క ఎప్పుడొస్తుందండీ?"

"ఇది దానికంటే మంచిదే కదమ్మా."

"మంచిదేనండి. కానీ ఇది వచ్చింది కాదు కదండీ, అందరికీ ఇచ్చింది." భ్రమర గొంతులో నిష్ఠూరం లేదు, లెక్క ఉంది. "మీరు ఇరవై ఆరేళ్ళు పలచటిది తిన్నారు, మీకు నడిమిది వచ్చింది. నేను ఒక్క ఏడాదే తిన్నాను. రేపు నాకు కోడలొస్తుందనుకోండి. దానికీ ఇదే ఇస్తే, నేను అత్తగారినయినట్టు దానికెలా తెలుస్తుందండీ?"

మంగతాయారు నోట్లో తాండ్ర ఉంది. నమలడం ఆపేసింది. ఈ పిల్ల అవతలి ఒడ్డు నుంచి, సమంగా ఉండే నేల నుంచి వచ్చిందనుకుంది ఇన్నాళ్ళూ.

"మీ పుట్టింట్లో ఎలా పంచుతారమ్మా?" అని అడిగింది.

"అక్కడ నేల సమంగానే ఉంటుందండి. అందుకని తాండ్ర కిందే చెక్క పెట్టి పోస్తారు," అంది భ్రమర.

మళ్ళీ పోలింగు పన్నెండోరోజున జరిగింది. మంగతాయారు పీచు తీసిన కాయ పట్టుకుని రెండు గోతుల మధ్యన నిలబడింది. రాయిని అక్కణ్ణుంచి తీసేశారు. తూర్పుకు వేస్తే ఇంట్లో చెక్కలన్నీ పీకి అటు పక్క పెట్టుకోవాలి. మంచానివి రెండు, పొయ్యిది ఒకటి, రోలుది ఒకటి, అత్తగారి పడకకుర్చీది ఇంకా అలాగే ఉంది, అదొకటి. పడమటికి వేస్తే ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి. కాయ పడమటి గోతిలో వేసింది. ఆవిడలాగే ఆలోచించి పడుకునే వైపు మార్చిన మంచాలు మరో నూట యాభై ఉన్నాయని లెక్కింపులో తేలింది. లంక కిర్రుమని పడమటికి ఒరిగింది. భూషణంగారి పంచె తడిసింది. వీరవేణి మనవడు నిద్రపోయాడు.

గంగరాజు ఆ రోజు ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పడింది తాయారూ, నాలుగు క్షణాల్లో పడింది!" అన్నాడు, పెళ్ళినాడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు. పన్నెండు రోజులు కదలకుండా చూసినందుకు శాఖ ఆయనకు ప్రశంసాపత్రం ఇవ్వాలని నిర్ణయించింది. ఆ కాగితం అప్పుడే ఎగువ బల్ల మీద పెట్టారు, మూడేళ్ళలో వస్తుంది.

సమంగా పోసిన తాండ్ర ఎవరూ తినకుండా అలాగే మిగిలింది. పదిహేను రోజుల్లో బిరుసెక్కి చెక్కలాగయింది. పారెయ్యడానికి మంగతాయారుకు చేతులు రాలేదు. రుబ్బురోలుకు రెండో ఎత్తుచెక్క కావాలని భూషణంగారిని అడగవలసిన పని లేకుండా, ఒక ముక్క రోలుకింద పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. అన్నీ ఒకే మందం కావడం వల్ల చాలా అనువుగా ఉన్నాయని తెలిసి, ఒరుగు శాఖవారు మిగతావి తీసుకెళ్ళి నమూనా కింద అలమరలో పెట్టారు.

వేసవి ఇంకా ఉంది. కలెక్టరు మామిడి ఇంకా వస్తోంది. మంగతాయారు మళ్ళీ చాప పరిచింది, రసం పోసింది, అది తన దారిన పడమటికి జారింది. కోసిన రోజున మందపు అంచు సన్యాసిరావుగారికి పంపింది. ఆయన మధుమేహం తగ్గిందని కబురు చేశారు. ఆ పక్కది గంగరాజుకు పెట్టింది. ఆ తర్వాతది కొడుకు కోసం రేవుకు పంపింది. వీరవేణికి కాస్త మంచి ముక్కే ఇచ్చింది, ఆమె దాన్ని నాలుగిళ్ళలో చూపించుకోవడానికి వెళ్ళింది.

అత్తాకోడళ్ళిద్దరూ అరుగు మీద కూర్చున్నారు. మంగతాయారు అడక్కముందే భ్రమర ఉల్లిపొర అంచు చింపుకుని తీసుకుంది. వెలుతురుకు ఎత్తి, దానిలోంచి అత్తగారి మొహం చూసి, తృప్తిగా నవ్వింది. మంగతాయారుకు కూడా అందులోంచి కోడలి మొహం కనబడింది. ఇంకా పాతికేళ్ళు, అన్నట్టుంది ఆ నవ్వు.

"బాగుందా అమ్మా?" అని అడిగింది.

"చాలా బాగుందండి అత్తయ్యా."

ఇద్దరూ పడమటికి మూడు జానలు ఒరిగి, చాలా తిన్నగా కూర్చుని, ఎవరి ముక్క వాళ్ళు తిన్నారు.